ముందు నీళ్ల ప్రవర చెప్పండి

న్యూజెర్సీ రాష్ట్రం, మిడిల్‌సెక్స్ కౌంటీలో సొంతిల్లున్న గృహస్థుణ్ని. టౌన్‌షిప్‌కి పన్ను బాకీ లేను. గడ్డి వేళకి కోయిస్తాను, మంచు పడితే ఇంటిముందు కాలిబాట తెల్లారకముందే ఊడుస్తాను, దీపావళికి కాకరపువ్వొత్తులు కూడా ఇరుగుపొరుగులకి చెప్పి మరీ వెలిగిస్తాను. ఇంత బుద్ధిగా బతుకుతున్నవాడి ఇంటి అడుగున నీళ్లు ఊరుతున్నాయి. చెప్పుకోవాల్సిన చోటల్లా చెప్పుకున్నాను. వెళ్లిన ప్రతిచోటా నా గోడు పక్కనపెట్టి ముందు నీళ్ల ప్రవర అడిగారు. ఎక్కణ్ణుంచి వచ్చాయి? పైనుంచా, కిందనుంచా? గొట్టంలోంచా, గోడలోంచా? ఠక్కున వచ్చాయా, మెల్లగా వచ్చాయా? నాకు తెలిసింది ఒక్కటే, అవి తడిగా ఉన్నాయి. ఆ జవాబు ఏ దరఖాస్తులోనూ పట్టడం లేదు కనక పత్రికకెక్కుతున్నాను.

ఇండియాలో ఉన్న చదువరులకి ముందు బేస్‌మెంటు సంగతి కాస్త చెప్పాలి. ఇక్కడ చలికాలంలో నేల మూడడుగుల లోతు దాకా గడ్డకట్టొచ్చు. గడ్డకట్టిన మట్టి ఉబ్బుతుంది, ఉబ్బితే ఇల్లు లేస్తుంది, కరిగితే కుంగుతుంది. అందుకని పునాది ఆ లోతు దాటి వెయ్యాలని రూలు. ఎలాగూ అంత తవ్వుతున్నాం, ఇంకో నాలుగడుగులు తవ్వితే ఓ అంతస్తు కలిసొస్తుందని ఎవరో మహానుభావుడు లెక్క వేశాడు. ఆ లెక్క ఎండాకాలంలో వేసి ఉంటాడు. బిల్డరు ఇచ్చేది కాంక్రీటు గోడలు, కాంక్రీటు నేల, ఓ మూల ఫర్నేసు, దాని పక్కన నీళ్ల హీటరు. దానికి కర్ర ఫ్రేములు కొట్టి, డ్రైవాల్ బిగించి, కార్పెట్ పరిచి, సీలింగులో గుండ్రటి దీపాలు పొదిగిస్తే ఫినిష్డ్ బేస్‌మెంటు.

ఫినిష్ చెయ్యని బేస్‌మెంటుతో ఇక్కడి తెలుగువాళ్ల మధ్య తలెత్తుకు తిరగడం కష్టం. కొత్తగా పరిచయమైనవాళ్లు ఏ ఊరు మీది అని అడుగుతారు, ఏ కంపెనీ అని అడుగుతారు, ఆ తరవాత గొంతు కాస్త తగ్గించి "బేస్‌మెంటు ఫినిష్ చేయించారా అండీ?" అంటారు. ఇంకా లేదంటే "ఫరవాలేదులెండి" అని ఓదారుస్తారు. కాబట్టి చేయించాం. ప్రొజెక్టరు, గోడ పొడుగూ తెర, ఎల్ ఆకారపు సోఫా, గ్రానైటు పరిచిన చిన్న బారు, అందులో ఎవరూ తాగని సీసాలు. పుట్టినరోజులకి మగవాళ్లు, పిల్లలు కిందికి. ఆడవాళ్లు పైన వంటింటి దగ్గర. సంక్రాంతికి బొమ్మల కొలువు ఇక్కడే. శనివారాలు కరియోకె ఇక్కడే. గోడలు మట్టిలో ఉన్నాయి కనక పోలీసులు రారు. మెట్ల కింద ఇరవై పౌన్ల సోనామసూరి సంచులు, ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు, అత్తగారు మోసుకొచ్చిన ఇత్తడి బిందె, మా అబ్బాయి ఒకటో తరగతిలో గీసిన ప్రతి కాగితమూ.

ఇంత చేశాక తెలిసింది, ఈ అంతస్తు ఉన్నట్టా లేనట్టా అన్నది అడిగే మనిషిని బట్టి ఉంటుందని. ఇల్లు అమ్మేటప్పుడు విస్తీర్ణం లెక్కలో నేలకి కిందున్న భాగం కలపరు. ఎంత ముస్తాబు చేసినా అది ఇంటి వైశాల్యం కాదు. పన్ను వేసే అధికారికి మాత్రం అది నిక్షేపంగా కనిపిస్తుంది, ఫినిష్ చేసిన పాపానికి మదింపు పెరుగుతుంది. బీమావాడికి సగం సగం కనిపిస్తుంది. వాడి సంగతి తరవాత చెబుతాను, అది ఒక్క పేరాలో తెమిలేది కాదు.

2021 సెప్టెంబరు 1 రాత్రి దాకా మాది పొడి సంసారమే. ఆగస్టు 29న లూయిసియానాలో తీరం దాటిన ఐడా తుఫాను, దేశమంతా నడిచి, గాలి తగ్గించుకుని, వాన మాత్రం దాచుకుని మా మీదికి వచ్చింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాలు. నెవార్క్‌లో ఆ ఒక్క రోజే 8.41 అంగుళాలు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన కురిస్తే 623 గ్యాలన్ల నీళ్లు దిగుతాయి. నెవార్క్ లెక్కన ఆ రోజు అలాంటి కప్పు మీద పడింది దాదాపు 20 వేల లీటర్లు. హైదరాబాదులో మా బావమరిది ప్రతి వేసవిలో 5 వేల లీటర్ల ట్యాంకరు కోసం వాట్సాప్ గ్రూపులో పోట్లాడతాడు. అలాంటివి నాలుగు ట్యాంకర్లు, అడక్కుండా, డబ్బు పుచ్చుకోకుండా, గుమ్మంలోకి.

అదే రాత్రి న్యూయార్క్ నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంటు ఇళ్లలో ఉంటున్నవాళ్లు. తలదాచుకోవడానికి వేరే చోటు లేక నేల కింద అద్దెకుండేవాళ్లు. అది తలుచుకుంటే సోఫా తడిసిందని నోరెత్తకూడదు. అయినా ఎత్తుతున్నాను. సొంతిల్లు వచ్చాక మనిషికి సిగ్గు కొంత తగ్గుతుంది.

ఐడా వెళ్లిపోయింది, అలవాటు మిగిలిపోయింది. ఇప్పుడు మార్చిలో మంచు కరిగినా, రెండు రోజులు ముసురు పట్టినా ఊట మొదలు. వరదలాగా వస్తే కనీసం ఫొటో తీయొచ్చు. ఇది అలా రాదు. ఉదయం కాఫీ కప్పుతో కిందికి దిగి నాలుగడుగులు వేస్తే మేజోడు చెబుతుంది. మూల కార్పెట్ పట్టుకుని ఎత్తి చూస్తే, అంచుని పట్టి ఉంచే సన్నటి చెక్కపట్టీలోని మేకులన్నీ తుప్పు పట్టి, చుట్టూ చెక్క నల్లబడి ఉంటుంది. దాని వెనక, గోడా నేలా కలిసేచోట, వెంట్రుకవాసి సందు. ముందు గోడలు పోసి, తరవాత నేల పోస్తారు కనక ఆ రెండూ ఒక్కటి కావు, పక్కపక్కన ఉంటాయంతే. బయట ఎర్రటి బంకమన్ను వాన పీల్చుకుని వదలకుండా పట్టుకుంటుంది. నిలిచిన నీటికి ప్రతి అడుగు లోతుకీ చదరపు అడుగు మీద 62 పౌన్ల బరువు; ఏడడుగుల లోతుకి అది 430 దాటుతుంది. అంత తోపుడుకి వెంట్రుకవాసి సందు రాజమార్గం. నీళ్లు ఇంకిపోయాక గోడ మీద తెల్లటి పొడి మిగులుతుంది. మా ఆవిడ దాన్ని చూసి బియ్యప్పిండి ఎవరు ఒలకబోశారని పిల్లల్ని కేకలేసింది.

అది చౌడని కనిపెట్టింది మా మామగారు. ఆయన తెనాలి వైపు ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా కాలువగట్ల మీద తిరిగిన మనిషి. వేసవికి మా దగ్గరికొచ్చి, మెట్లు దిగి, గోడని వేలితో రాసి, వేలు నాలిక్కి ఆనించి, కళ్లద్దాలు సవరించుకుని తీర్పు చెప్పారు: "బావి తవ్వించారు బాబూ. తవ్వించి, అందులో సోఫా వేయించారు. ఇప్పుడు నీళ్లు పడ్డాయంటున్నారు. మా వైపయితే నీళ్లు పడినందుకు కొబ్బరికాయ కొడతారు."

వాస్తు సంగతీ చెప్పేస్తాను. ఊట వచ్చేది ఈశాన్యం మూల. మా ఆవిడ ఆ మూల ఫొటో తీసి ఇండియాలో వాస్తు పండితుడికి పంపింది. ఆయన ఆనందానికి అంతులేదు. ఈశాన్యంలో జలం ఉండటం పరమ శ్రేష్ఠమట, కోరి తవ్వించుకుంటారట, మీకు దానంతట అదే సమకూరిందట. కదిలించొద్దన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో నా నీళ్లని మనస్ఫూర్తిగా స్వాగతించిన ఏకైక నిపుణుడు ఆయనే.

ఇక బీమా. కంపెనీ పేరు చెప్పను. ఏ పాలసీ తిప్పినా ఆ పేజీ ఒకేలా ఉంటుంది. ఫోనెత్తిన అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. నీళ్ల హీటరు పగిలిందా? లేదు. గోడలో గొట్టం పగిలిందా? లేదు. కప్పు లేచిపోయి వాన లోపల పడిందా? లేదమ్మా. నేను లేదన్న కొద్దీ ఆమె గొంతులో జాలి పెరిగింది. గొట్టం అకస్మాత్తుగా పగిలి వచ్చిన నీళ్లు సద్గోత్రం. వాటికి కొత్త కార్పెట్ వస్తుంది. అదే గొట్టం నెలల తరబడి బొట్టు బొట్టుగా కారితే గోత్రం మంచిదే గానీ నడవడి మంచిది కాదు, కాబట్టి ఏమీ రాదు. మురుగు కాలువ వెనక్కి తన్నినా, మోటారు ఆగి గుంట పొంగినా ముందుగానే విడిగా డబ్బు కట్టి ఓ అనుబంధం రాయించుకుని ఉండాలి. నేలలోంచి ఊరిన నీళ్లకి మాత్రం ప్రవరే లేదు. పాలసీలో రాసే ఉంది: భూమి కింది నీరు పునాదిని నొక్కినా, అందులోంచి ఊరినా, కారినా మాకు సంబంధం లేదు. నా ఇంటి గోడలోని వెంట్రుకవాసి సందుని అంత చక్కగా వర్ణించినవాళ్లు, దాన్ని చూడకుండానే రాశారు.

పోనీ వరదనుకుందామా అన్నాను. వరదకి వేరే పాలసీ, 1968లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. అందులో వరదకి నిర్వచనం ఉంది. మామూలుగా పొడిగా ఉండే నేల రెండెకరాలైనా మునగాలి, లేకపోతే కనీసం రెండు స్థలాలు మునగాలి, వాటిలో ఒకటి మనదై ఉండాలి. నాది పావెకరం. ఒంటరిగా మునిగితే అది వరద కాదు, సొంత వ్యవహారం. సరే, పక్కవాడూ మునిగాడనుకోండి. పాలసీ కూడా ఉందనుకోండి. అప్పుడైనా బేస్‌మెంటులో కార్పెట్‌కి రాదు, గోడల ముస్తాబుకి రాదు, సోఫాకి రాదు, టీవీకి రాదు. ఫర్నేసుకి వస్తుంది. నీళ్ల హీటరుకి వస్తుంది. సామాన్లకి కూడా పాలసీ రాయించుకుని ఉంటే వాషింగ్ మెషీనుకి, డ్రయ్యరుకి, ఫ్రీజరుకి, ఫ్రీజరులో ఉన్న తిండికి వస్తుంది. మళ్లీ అడిగి ఖాయం చేసుకున్నాను. మా అత్తగారు వేయించి డబ్బాల్లో పెట్టి గడ్డకట్టించిన గోంగూరకి అమెరికా ప్రభుత్వం పూచీ. దాని పక్కనే ఉన్న రెండువేల డాలర్ల సోఫాకి నేనే పూచీ. గోంగూర విషయంలో ఆ ప్రభుత్వానికున్న వివేకాన్ని నేను తప్పుపట్టను.

వాటర్‌ఫ్రూఫింగ్‌వాళ్లు ఒకరి తరవాత ఒకరు వచ్చారు. వీళ్లలో లోపలి మతం, బయటి మతం అని రెండున్నాయి. లోపలివాళ్లు గోడ చుట్టూ నేలని సమ్మెటయంత్రంతో పగలగొట్టి, కంకరలో చిల్లుల గొట్టం పరిచి, ఊటని ఓ మూల గుంటలోకి మళ్లించి, మోటారుతో బయటికి తోడతామంటారు. బయటివాళ్లు ఇంటి చుట్టూ పునాది అడుగుదాకా తవ్వి, గోడకి బయటనుంచి పూత పూసి, మళ్లీ పూడుస్తామంటారు; ఆ తవ్వకంలో మా చెక్క డెక్కు, ముందున్న హైడ్రేంజియా పొదలు కైలాసానికి పోతాయి. నీళ్లని ఇంట్లోకి రానిచ్చి తరవాత సాగనంపడమేమిటని బయటివాళ్లు ఎద్దేవా చేస్తారు. ముప్పై ఏళ్లకి ఆ పూత పోయాక మళ్లీ తవ్వుతారా అని లోపలివాళ్లు కళ్లెగరేస్తారు. మధ్యలో మూడోవాడొకడొచ్చి, లోపలి గోడకి రంగు వేసేస్తే చాలన్నాడు. వెనకనుంచి నీళ్లు నెడుతున్న గోడకి ముందునుంచి రంగు వేస్తే ఎన్నాళ్లుంటుందో మామగారు తెలుగులో చెప్పారు. నేను అనువదించలేదు.

ఇలా నేల కింద కాలువతో నీళ్లు లాగేసే పద్ధతిని జనంలోకి తెచ్చిన పెద్దమనిషి హెన్రీ ఫ్రెంచ్ అనే న్యూ ఇంగ్లండ్ లాయరు. 1859లో పొలాల్లో నిలిచిన నీళ్లు తీసేయడం మీద పుస్తకం రాశాడు. వాషింగ్టన్‌లో కుర్చీలో కూర్చున్న లింకన్ విగ్రహం ఉంది చూశారూ, దానికి రూపం ఇచ్చిన శిల్పి ఈయన కొడుకే. తండ్రి పని నా నేల కింద ఉంది, కొడుకు పని చూడ్డానికి టిక్కెట్టు లేదు. ఏది ఎక్కువ ఖర్చో చెప్పనక్కర్లేదు. ఈ కథ చెబితే మా కాంట్రాక్టరు రేటు తగ్గిస్తాడేమోననుకున్నాను. "ఈ రోజే సంతకం పెడితే తగ్గిస్తాను" అన్నాడు, లింకన్ ప్రస్తావన లేకుండా.

లోపలి మతంలోనే చేరాం. సమ్మెటయంత్రం లేపిన దుమ్ము ఇప్పటికీ ప్రొజెక్టరు వెలుగులో కనిపిస్తుంది. తడిసిన డ్రైవాల్‌ని కిందనుంచి రెండడుగుల ఎత్తున కోసి పారేశారు, ఎందుకంటే తడిసిన గోడ ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పట్టడం మొదలుపెడుతుంది. చివరికి మూల ఓ గుంట, అందులో ఓ మోటారు, పైన మూత. మోటారు గురకపెట్టినప్పుడల్లా పాటలో శ్రుతి తప్పుతుంది.

మోటారు కరెంటుతో నడుస్తుంది. గాలివాన వస్తే కరెంటు పోతుంది. మోటారు కావలసింది గాలివానలోనే. ఈ మూడు వాక్యాలూ కాంట్రాక్టరుకి ముందే తెలుసు, కాని బ్యాటరీ ధర మాత్రం బిల్లు కట్టాక చెప్పాడు. బ్యాటరీ వద్దంటే ఇంకో ఏర్పాటుందన్నాడు: కరెంటు అక్కర్లేని పంపు, మున్సిపాలిటీ నల్లా నీళ్ల ఒత్తిడితోనే నడుస్తుంది. రెండు గ్యాలన్ల ఊటని బయటికి తోడటానికి సుమారు ఒక గ్యాలను మంచినీళ్లు ఖర్చు. అంటే ఊరికే వచ్చిన నీళ్లని వెళ్లగొట్టడానికి కొనుక్కున్న నీళ్లు ఒలకబొయ్యాలి. ఈ మాట ఫోనులో చెబితే హైదరాబాదు బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

ఊట ఆగినా చెమ్మ ఆగలేదు. జులైలో బయటి ఉక్కపోత గాలి కింది చల్లటి గోడని తాకి చెమటపడుతుంది. ఇది ఊటా చెమటా అని తేల్చడానికి ఓ సులువైన పరీక్ష ఉంది: ప్లాస్టిక్ కాగితం ముక్క గోడకి నాలుగువైపులా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు వదిలెయ్యాలి. తడి కాగితం వెనక ఉంటే ఊట, ముందు ఉంటే చెమట. మాకు రెండువైపులా ఉంది. కాబట్టి డీహ్యూమిడిఫయరు కూడా వచ్చింది. అది రాత్రింబగళ్లు గుయ్యిమంటూ గాలిలోంచి నీళ్లు పిండి బకెట్‌లో పోస్తుంది, బకెట్ నిండితే ఎర్రదీపం వెలిగించుకుని అలుగుతుంది. మామగారు ఆ బకెట్ బాధ్యత తీసుకున్నారు. డెక్కు మీది కరివేపాకు కుండీకి రోజూ ఆ నీళ్లే. కరివేపాకు ఇక్కడ ప్రాణంతో పెంచుకునే మొక్క. చలికాలమంతా లోపల కిటికీ దగ్గర వణికి, వేసవిలో బయటికొస్తుంది. ఈ ఏడు అది మూరెడు పెరిగింది. మా ఇంట్లో పెరిగిన ఆస్తి అదొక్కటే.

అసలు పని చేసింది కూడా మామగారే. వాన కురుస్తుండగా గొడుగేసుకుని ఇంటి చుట్టూ ప్రదక్షిణ చేసి, కప్పు నీళ్లు దిగే గొట్టాలు పునాది పక్కనే వదులుతున్నాయని, పైన గట్టర్లనిండా మేపుల్ ఆకులు కుళ్లి నీళ్లు అంచు మీదుగా దూకుతున్నాయని చూశారు. ఇళ్లకి సంబంధించిన కోడ్ పుస్తకం చెప్పేదీ ఇదే: ఇంటినుంచి పదడుగుల దూరంలో నేల ఆరంగుళాలు వాలాలి. మాది ఇంటివైపే వాలి ఉంది. ఆయన లుంగీ ఎగ్గట్టి, పార పట్టుకుని, మట్టి ఎత్తు చేసి, గొట్టాలకి పొడుగు ప్లాస్టిక్ గొట్టాలు తగిలించారు. ఖర్చు ఒక పూట హోటల్ భోజనం. ఇన్ని వేల డాలర్ల అంచనాలు రాసిచ్చిన నిపుణుల్లో ఒక్కడూ తలెత్తి గట్టరు వంక చూడలేదు. చూస్తే వాడికేమొస్తుంది? ఈ విజయం మామగారు తెనాలి, బాపట్ల, రేపల్లె బంధువులందరికీ వీడియో కాల్‌లో గట్టర్లతో సహా చూపించారు. కెమెరా పట్టుకున్నది నేనే.

ఊట చాలా తగ్గింది, పోలేదు. మొన్నటి ముసురుకి మళ్లీ సోఫా దిండ్లు తడిశాయి. కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే, తన వారంటీ గోడ చుట్టూ కాలువకి మాత్రమేనని, ఈ నీళ్లు నేల మధ్యలో పగులులోంచి వచ్చి ఉంటే అవి వేరే నీళ్లని చెప్పాడు. ఓదార్పుగా ఇంకో మాట కూడా అన్నాడు: ఇల్లు అమ్మితే ఆ వారంటీ కొన్నవాళ్లకి బదిలీ అవుతుందట. బదిలీ చెయ్యాలంటే ముందు నీళ్ల సంగతి ఒప్పుకోవాలి. అదే చిక్కు. అమ్మేటప్పుడు నింపే పత్రంలో సూటిగా ఓ ప్రశ్న ఉంటుంది, బేస్‌మెంటులో ఎప్పుడైనా నీళ్లు గానీ చెమ్మ గానీ చేరాయా అని. 2024 నుంచి వరద ముప్పు గురించీ విడిగా చెప్పాలి. ఆ ఒక్క ప్రశ్నకి జడిసి మా వీధి వీధంతా ఇప్పటినుంచే పొడిపొడిగా బతుకుతోంది.

ముసురు వెలిసిన రోజు మధ్యాహ్నం పక్కింటి గుజరాతీ పెద్దాయన గ్యారేజీ ముందు నిలబడి ఉన్నారు. పక్కన చుట్టచుట్టిన కార్పెట్. దాని కిందనుంచి సన్నటి ధార డ్రైవ్‌వే మీదుగా రోడ్డు దాకా పోతోంది. నాకు బీమా పత్రంలోని రెండో స్థలం కళ్లముందు ప్రత్యక్షమైంది. పాలసీ లేకపోయినా, కనీసం నిర్వచనం ప్రకారమైనా వరద అనిపించుకోవచ్చని ఆశ.

"మీకూ వచ్చాయా అంకుల్?" అన్నాను.

"ఏమిటి?"

"నీళ్లు."

"మాకా! ఛ ఛ. పాత కార్పెట్ ఇది. రంగు మా ఆవిడకి నచ్చడం లేదు, తీసేస్తున్నాం." ధారని చెప్పుతో కాస్త పక్కకి మళ్లించి, మా డెక్కు కమ్మీల మీద వరసగా ఆరేసి ఉన్న సోఫా దిండ్ల వైపు చూశారు. "అవేమిటి?"

"పిల్లలు జ్యూసు ఒలకబోశారండీ."

"అన్నిటి మీదా?"

"బర్త్‌డే పార్టీ. చాలామంది పిల్లలొచ్చారు."